సంచితం, ప్రారబ్ధం, పికో మిషను

చిరంతన బ్యాంకువారి కార్డు వాడితే పాయింట్లు వస్తాయనీ, పాయింట్లు పోగైతే వస్తువులిస్తారనీ, రెండేళ్ళలోగా తీసుకోకపోతే ఆ పాయింట్లు చచ్చిపోతాయనీ చీరాలలో అందరికీ తెలుసు. తెలియడం వేరు, అర్థం కావడం వేరు అన్న సంగతి మాత్రం ఎవరికీ తెలియదు.

దాన్ని కనిపెట్టింది బ్యాంకు ప్రధాన కార్యాలయం. ఎక్కడో ఒక ఖాతాదారుడు తన పాయింట్లు ఎందుకు పోయాయో అర్థం కాలేదని ఫిర్యాదు చేశాడు. ఆ ఫిర్యాదు పైకి వెళ్ళింది, అక్కడినుంచి ఇంకా పైకి వెళ్ళింది, చివరికి ఒక ఉత్తర్వై కిందికి దిగింది. రివార్డులంటే ఏమిటో అర్థం కానివాడికి రివార్డు ఇవ్వడం వాణ్ణి మోసం చెయ్యడమే కనుక, ఇకమీదట అర్థమైనట్టు పరీక్షలో నిరూపించుకున్నవాళ్ళకే ఇవ్వాలి. ఉత్తర్వు చదివినవాళ్ళెవరికీ ఇందులో తప్పేమీ కనిపించలేదు.

సరిగ్గా అది చీరాల శాఖకు చేరిన వారంలోనే టైలరు మస్తాన్‌రావు, అతని భార్య నాంచారమ్మ పికో మిషను తెచ్చుకుందామని బ్యాంకుకు వెళ్ళారు.

గడియార స్తంభం దగ్గర వాళ్ళకొక చిన్న కుట్టు దుకాణం ఉంది. జాకెట్లు ఆయన కుడతాడు, చీరలకు ఫాల్ ఆవిడ వేస్తుంది. చీర చెంగు పోగులు ఊడకుండా అంచు చుట్టి కుట్టే పికో మిషను మాత్రం లేదు. ఎదురుగా కొత్తగా పెట్టిన దుకాణంలో ఉంది. దాంతో ఫాల్‌కి వచ్చే చీరలు కూడా రోడ్డు దాటి అటే పోతున్నాయి. పెళ్ళిళ్ళ రోజులు దగ్గరపడ్డాయి. బ్యాంకువాళ్ళ బహుమతుల పుస్తకంలో పికో మిషను బొమ్మ చూసినప్పటినుంచీ నాంచారమ్మ ఆ పేజీ మడిచి దాచుకుంది. బంధువుల్లో ఎవరికి ఫ్రిజ్జు కావాలన్నా, ఫోను కావాలన్నా మస్తాన్‌రావు కార్డు మీదే కొనిపించి డబ్బు చేతిలో పెట్టించుకునేది. అలా కావలసినన్ని పాయింట్లు పోగయ్యాయి. నెలాఖరుకు అవి చచ్చిపోతాయని ఫోనుకు సందేశం కూడా వచ్చింది.

కౌంటరు దగ్గరి గుమాస్తా వాళ్ళను పక్క గదిలోకి పంపాడు. గది తలుపు మీద "రివార్డు అవగాహన విభాగం" అని కొత్త బోర్డు, రంగు ఇంకా ఆరలేదు. లోపల పరాంకుశంగారు కూర్చుని ఉన్నారు. నిన్నటిదాకా ఆయన అప్పుల విభాగంలో అధికారి. నుదుట నామం, బల్ల మీద వేదాంత గ్రంథాలు, వాటి కింద బ్యాంకు నిబంధనలు.

"ఏమి కోరి వచ్చారు?" అని అడిగారాయన.

"పికో మిషన్ సార్" అన్నాడు మస్తాన్‌రావు. "పాయింట్లు సరిపోయినయ్."

"పాయింటు అంటే ఏమిటి?"

మస్తాన్‌రావు భార్య వైపు చూశాడు. "మీరిచ్చినయ్యే గదా సార్."

"మేమిచ్చాము అన్నది చరిత్ర. అది ఏమిటి అన్నది ప్రశ్న."

"కార్డు గీకితే వచ్చేయి" అన్నది నాంచారమ్మ.

"అది పుట్టుక. నేను స్వరూపం అడుగుతున్నాను."

మస్తాన్‌రావు జేబులోంచి కార్డు తీసి చూపించాడు. పరాంకుశంగారు జాలిగా తల పంకించి, ఫైలులో "అవగాహన శూన్యం" అని రాసి ముద్ర వేశారు. తరవాత మూడు లావుపాటి పుస్తకాలు వాళ్ళ ముందు పెట్టారు. పేరు "రివార్డు తత్త్వ ప్రబోధిని". ఉత్తర్వు అందిన నాటినుంచి నిద్రమాని రాసింది ఆయనే.

"పాయింట్లు మూడు విధములు" అన్నారు. "ఇదివరకే పోగుపడి ఉన్నవి సంచితములు. వాటిలో కాలం తీరి నశించడానికి సిద్ధపడినవి ప్రారబ్ధములు. కొనుగోలు జరిగినా బిల్లు రానందువల్ల ఖాతాలోకి ఇంకా చేరనివి ఆగాములు. ఈ మూడింటి తేడా తెలియకుండా మిషను తీసుకెళ్ళడం మీకు క్షేమం కాదు."

"మరి నెలాఖరుకి చచ్చిపోతయ్యంట గదా సార్?"

"విద్యార్థుల పాయింట్లకు మరణం లేదు. పరీక్షకు పేరు ఇచ్చినవారి పాయింట్లు ఫలితాలు వచ్చేదాకా సజీవంగా ఉంటాయి. నెలకోసారి కార్డు వాడుతుంటే చాలు. అమ్మగారి పేరున అనుబంధ కార్డు ఉంది గనక ఆవిడా రాయాలి."

నాంచారమ్మ మడిచి పెట్టుకున్న పేజీ తీసి బల్ల మీద పరిచింది. "సారూ, చదువుకుంటాం లెండి. ముందు మిషన్ ఇయ్యండి. కుట్టుకుంటా చదువుతాం."

"ఫలం ముందు, జ్ఞానం తరవాత. ఇదే గదమ్మా లోకం పాడైపోవడానికి కారణం" అన్నారు పరాంకుశంగారు, ఎంతో మృదువుగా.

మస్తాన్‌రావు ఏడో తరగతిలో ఉండగా వాళ్ళ నాన్న బడి మాన్పించి మిషను మీద కూర్చోబెట్టాడు. మళ్ళీ పుస్తకం పట్టింది ఇప్పుడే. మొదటి రెండు రోజులు బెదిరిపోయాడు. మూడో రోజు, సంచితానికీ ప్రారబ్ధానికీ తేడా ఉన్నట్టుండి బోధపడింది. కత్తెర పక్కన పెట్టి, "నాంచారీ, పాతవి ముందు చస్తయ్. అందుకని మనం వాడేటప్పుడు కూడా పాతవే ముందు వాడినట్టు లెక్క" అన్నాడు.

"దోసెల పిండి గూడా అంతే గదయ్యా" అన్నది ఆమె. "ముందు రుబ్బింది ముందు పులుస్తది. అదే ముందు పోసుకోవాల."

"అట్టా రాస్తే మార్కులెయ్యరు" అన్నాడు మస్తాన్‌రావు. మొహంలో నవ్వు మాత్రం ఆగలేదు.

ఊళ్ళో మొదటి పరీక్షకు కూర్చున్నవాళ్ళంతా తప్పారు. వాళ్ళలో ఒక డిగ్రీ కాలేజీ లెక్చరరు, ఇద్దరు లాయర్లు కూడా ఉన్నారని తెలిశాక ఆ పరీక్షకు గౌరవం పెరిగింది. పదిహేనేళ్ళు ఇంజనీరింగు ప్రవేశ పరీక్షలకు కోచింగు ఇచ్చిన ఆదిశేషు మాస్టారు ఈ గౌరవాన్ని అందరికంటే ముందు పసిగట్టాడు. పాత రైసు మిల్లు అద్దెకు తీసుకుని "ఆదిశేషు రివార్డు అకాడమీ" తెరిచాడు. తెల్లవారుజామున స్టడీ అవరు, ఆదివారం స్లిప్ టెస్టు, నీలం రంగు యూనిఫారం. యూనిఫారాలు కుట్టే పని మస్తాన్‌రావుకే వచ్చేది గానీ, అతను క్లాసులో ఉండటం వల్ల ఎదురు దుకాణానికి పోయింది.

ఫీజు కార్డు మీదే కట్టాలి. కడితే పాయింట్లొస్తాయి, ఉన్న పాయింట్లూ బతికుంటాయి. ఈ రెండు లాభాలనూ మాస్టారు మొదటి క్లాసులోనే పాఠంగా చెప్పాడు. పాఠం అయ్యాక నాంచారమ్మ లేచి నిలబడింది.

"మాస్టారూ, మా ఇద్దరికీ కట్టిన ఫీజుతో పికో మిషన్లు రెండొస్తయ్ గదండీ?"

మిల్లంతా ఆమె వైపు తిరిగింది.

"అమ్మా," అన్నాడు ఆదిశేషు, "సిలబస్‌లో లేనివి అడిగితే ర్యాంకు రాదు. కూర్చోండి."

నెల తిరిగేసరికి ఊరి వరస మారిపోయింది. టీ కొట్ల దగ్గర సినిమాలు పోయి ఆగాములు వచ్చాయి. పెళ్ళిచూపుల్లో అబ్బాయి ప్రబోధిని ఎన్ని భాగాలు పూర్తి చేశాడని అడగసాగారు. బ్యాంకులో అప్పుల కౌంటరు మూసి నమూనా పరీక్షల గది చేశారు. తరవాత డిపాజిట్ల కౌంటరు మూసి మూల్యాంకన కేంద్రం చేశారు. డబ్బు దాచుకోవడానికి వచ్చిన ఒక వేరుశనగ వ్యాపారిని, ఇక్కడ చదువు జరుగుతోంది, నెమ్మదిగా మాట్లాడమని బయటికి పంపారు.

దంపతులు రాసిన రెండో విడత పరీక్షలో మొదటి ప్రశ్న ఇది: "ఒక ఖాతాదారుడు ఫ్రిజ్జు కొని మరునాడు తిరిగి ఇచ్చివేసెను. అతనికి వచ్చి పోయిన పాయింటు ఉన్నదా, లేదా? సోదాహరణముగా నిరూపింపుము." నాంచారమ్మ "లేదు. ఫ్రిజ్జే లేదు గదా" అని రాసి రెండో ప్రశ్నకు వెళ్ళింది. మస్తాన్‌రావు అదనపు కాగితాలు అడిగి తీసుకుని, కళ్ళు మెరుస్తుండగా గంట కొట్టేదాకా రాశాడు.

ఫలితాల్లో మస్తాన్‌రావుకు మూడో ర్యాంకు వచ్చింది. నాంచారమ్మ అత్తెసరు మార్కులతో గట్టెక్కింది. గడియార స్తంభం ఎదుట ఆదిశేషు కట్టించిన ఫ్లెక్సీలో మెడలో టేపుతో మస్తాన్‌రావు నిలువెత్తు ఫొటో. ఆ సాయంత్రం అతను పనేమీ లేకపోయినా రెండుసార్లు అటువైపు నడిచి వెళ్ళాడు. నాంచారమ్మ గమనించింది. పెళ్ళయ్యాక అతను అంత నిటారుగా నడవడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

ఇక మిగిలింది మౌఖిక పరీక్ష. అది కూడా నెగ్గితే ఆ రోజే వస్తువు ఇస్తారని అందరూ అనుకున్నారు. నాంచారమ్మ మిషను తెచ్చుకోవడానికి రిక్షా కూడా మాట్లాడి పెట్టింది.

ముందు మస్తాన్‌రావును పిలిచారు. పరాంకుశంగారు మూడు విధాల గురించీ అడిగారు, గ్రహీత లక్షణాలు అడిగారు, కాలపరిమితి గురించి శంకలు లేవదీశారు. అన్నిటికీ మస్తాన్‌రావు తడుముకోకుండా జవాబు చెప్పాడు. పక్కన కూర్చున్న ఇద్దరు అధికారులు ఒకరినొకరు చూసుకుని తలలూపారు. అంతమంది చదువుకున్నవాళ్ళు తన మాట విని తలలూపడం అతని జన్మలో అదే మొదలు.

"చివరి ప్రశ్న" అన్నారు పరాంకుశంగారు. "పుట్టేది, పెరిగేది, గడువు తీరి నశించేది అయిన ఈ పాయింటు స్వరూపం సంపూర్ణంగా గ్రహించిన జ్ఞాని, దాని ఫలాన్ని ఇంకా కోరునా?"

మస్తాన్‌రావుకు మూడో భాగం ఆఖరి అధ్యాయం కళ్ళ ముందు కదిలింది. పేజీ ఎక్కడ తిరుగుతుందో కూడా గుర్తుంది. "కోరడు" అన్నాడు.

"మీరు కోరుతున్నారా?"

"లేదండీ."

పరాంకుశంగారు లేచి నిలబడి చెయ్యి కలిపారు. ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. పాయింట్లన్నీ స్వచ్ఛందంగా త్యజించినట్టు అందులో ఉంది. ఒక ప్రశంసాపత్రం, ఇత్తడి పతకం చేతికిచ్చారు. గదిలోంచి బయటికి వచ్చి, వరండాలో నిలబడి ఉన్న భార్యను చూసేదాకా, తాను చెప్పినదేమిటో మస్తాన్‌రావుకు తట్టలేదు.

"మిషనేదయ్యా?"

"సరైన జవాబు చెప్పా నాంచారీ" అన్నాడు నీరసంగా. "సరైన జవాబు అదే."

ఆమె ఇంకేదో అడగబోయేలోగా ఆమె పేరు పిలిచారు. పరాంకుశంగారు అవే ప్రశ్నలు కొంచెం తేలిక చేసి అడిగారు. ఆమె దోసెల పిండితోనే లాక్కొచ్చింది. చివరి ప్రశ్న వచ్చింది.

"సంపూర్ణంగా గ్రహించాక, మీరు ఇంకా ఫలాన్ని కోరుతున్నారా?"

"కోరుతున్నానండీ."

"ప్రశ్న మళ్ళీ వినండి."

"వినపడిందండీ. పికో మిషన్ కావాల. దానికే గదా ఇన్నాళ్ళూ చదివింది."

"ఆశ నశించలేదు. అవగాహన అసంపూర్ణం" అని రాసి పరాంకుశంగారు ఆమెను ఫెయిలు చేశారు.

ఆ రోజు మౌఖికానికి వచ్చినవాళ్ళందరూ, నాంచారమ్మ తప్ప, తాము కోరడం లేదనే చెప్పారు. కొందరు నమ్మి చెప్పారు, కొందరు మార్కుల కోసం చెప్పారు, ఎక్కువమంది పుస్తకంలో ఉందని చెప్పారు.

మరునాడు పరాంకుశంగారు, ఆదిశేషు మాస్టారు కలిసి దుకాణానికి వచ్చారు. బ్యాంకు అధికారి కుట్టు దుకాణం మెట్టెక్కడం చూసి ఎదురు దుకాణంవాళ్ళు కూడా మిషను ఆపారు. మస్తాన్‌రావు స్టూలు తుడిచి వేశాడు.

"అమ్మా," అన్నారు పరాంకుశంగారు, "మౌఖికంలో నూటికి నూరు శాతం ఉత్తీర్ణత వచ్చిన మొదటి శాఖను పూర్ణావగాహన శాఖగా ప్రకటిస్తామని ప్రధాన కార్యాలయం రాసింది. మీ ఒక్కరి దగ్గరే ఆగిపోయాం. మళ్ళీ మౌఖికం పెడతాను. కోరను అని ఒక్క మాట అనండి."

"నా ఫ్లెక్సీలు కూడా అచ్చయిపోయినాయమ్మా, నూటికి నూరని" అన్నాడు ఆదిశేషు.

"కావాల్సినదాన్ని వొద్దని ఎట్టా చెప్పేది సారూ? అబద్ధం గదా" అన్నది నాంచారమ్మ, చీరకు ఫాల్ వేస్తూనే.

"అది అబద్ధం కాదు, వైరాగ్యం."

"మా ఆయనకొచ్చింది లెండి అది. ఇంటికొకరికి చాలు."

మస్తాన్‌రావు తల వంచుకుని గుండీలు ఏరుతున్నాడు.

"పోనీ ఆ మిషనేదో ఇచ్చెయ్యండి సార్" అన్నాడు ఆదిశేషు మెల్లగా. "గొడవ వదిలిపోద్ది."

పరాంకుశంగారు ఉలిక్కిపడ్డారు. "బ్యాంకు ఇవ్వడమా? ఉత్తర్వు వచ్చాక ఇంతవరకూ ఏ శాఖా ఒక్క రివార్డు ఇవ్వలేదు. మొదట ఇచ్చిన శాఖ మనదైతే నేను పైవాళ్ళకు ముఖం చూపించగలనా?"

"మిషన్ ఉంటే ఇంకోటెందుకండీ నాకు" అన్నది నాంచారమ్మ దారం కొరుకుతూ. "అప్పుడు ఎన్నిసార్లు అడిగినా వొద్దనే అంటా. అది నిజమే అవుద్ది."

పెద్దమనుషులిద్దరూ బయటికి వెళ్ళి కరెంటు స్తంభం పక్కన నిలబడి మాట్లాడుకున్నారు. ఆదిశేషు వేళ్ళతో ఏదో లెక్క చూపించాడు. పరాంకుశంగారు రెండుసార్లు అడ్డంగా, ఒకసారి నిలువుగా తల ఊపారు. అక్కడినుంచి నేరుగా కుట్టు మిషన్ల షాపుకు పోయి, చెరిసగం వేసుకుని పికో మిషను కొన్నారు. షాపతను, కార్డు గీకితే పాయింట్లొస్తాయి సార్ అన్నాడట. "నాకెందుకయ్యా ఆ తలనొప్పి" అని పరాంకుశంగారు నోట్లు లెక్కపెట్టి ఇచ్చారట.

మిషను రిక్షాలో వచ్చింది. నాంచారమ్మ దాన్ని దింపించి, నూనె వేసి, పాత చీర ముక్క ఒకటి పెట్టి కుట్టి చూసింది. అంచు సన్నగా, గుండ్రంగా చుట్టుకుని వచ్చింది. తిరగేసి కూడా చూసి, చెయ్యి తుడుచుకుని, "పదండి సారూ" అన్నది.

గంటలోపే మౌఖికం అయిపోయింది.

"మీరు ఇంకా ఫలాన్ని కోరుతున్నారా?"

"ఎందుకండీ, ఇంట్లో ఉందిగా."

రెండో ముక్క ఆయన వినిపించుకోలేదు. ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణురాలని రాశారు. చీరాల పూర్ణావగాహన శాఖ అయింది. అవార్డు అందుకోవడానికి పరాంకుశంగారు హైదరాబాదు వెళ్ళి, అక్కడే ఇంకా పెద్ద కుర్చీలో ఉండిపోయారు.

ఇంట్లో మస్తాన్‌రావు రెండు రోజులు ఆ మిషను దగ్గరికి రాలేదు.

"ఏందయ్యా, ముట్టుకుంటే కరుస్తదా?" అన్నది నాంచారమ్మ.

"నేను వొద్దని సంతకం పెట్టానే. అంతమందిలో వొద్దన్నా."

"నువ్వు వొద్దంది బ్యాంకోళ్ళ మిషన్ని. ఇది ఆళ్ళది కాదు."

అతను ఆలోచించాడు. ప్రబోధినిలో ఈ సందర్భం ఎక్కడా లేదు. "నీకు కోపం రాలేదా, నేనట్టా చెప్పినందుకు?" అని అడిగాడు.

"వొచ్చింది" అన్నది ఆమె. "వరండాలో నువ్వు పతకం పట్టుకుని నిలబడ్డ తీరు చూసి ఊరుకున్నా. జరుగు, ఆ పట్టుచీర ఇట్టా అందుకో."

అతను చీర అందించాడు. కాసేపటికి ఆమె లేచి చోటిచ్చింది, అతను కూర్చున్నాడు. ప్రశంసాపత్రానికి ఆమే అద్దం కట్టించి, మిషను పైన గోడకు తగిలించింది. చీరలు తెచ్చేవాళ్ళకు అడక్కపోయినా చెప్పేది, "మా ఆయనకి మూడో ర్యాంకు" అని.

కావాలన్నావిడకు మిషను వచ్చిందన్న వార్త ఊళ్ళో పాకడానికి ఎంతోసేపు పట్టలేదు. వద్దన్నవాళ్ళందరూ ప్రశంసాపత్రాలు పట్టుకుని బ్యాంకుకు వచ్చారు. తమకు నిజానికి ఏమీ అర్థం కాలేదనీ, ఆశ ఏమాత్రం నశించలేదనీ, దయచేసి ఫెయిలు చెయ్యమనీ అడిగారు. కొత్తగా వచ్చిన అధికారి నిబంధనలన్నీ తిరగేసి, అర్థం కానివాణ్ణి అర్థమయ్యేలా చెయ్యడానికి నియమం ఉంది గానీ, అర్థమైనవాణ్ణి అర్థం కాకుండా చెయ్యడానికి లేదని తేల్చాడు. సమస్యను పైకి రాశాడు. మర్చిపోయినట్టు పరీక్షలో నిరూపించుకున్నవాళ్ళ దరఖాస్తులు పరిశీలించవచ్చునని పైనుంచి జవాబు వచ్చింది.

ఆ వారమే ఆదిశేషు మాస్టారు రైసు మిల్లులో విస్మరణ కోర్సు మొదలుపెట్టాడు. సాయంత్రానికల్లా సీట్లన్నీ నిండాయి. ఫీజు కార్డు మీద కట్టినవాళ్ళకు రెట్టింపు పాయింట్లు.